బట్ట తెలిసిన చేయి, తీరు తెలిసిన కన్ను



గుంటూరు నుంచి విజయవాడ వైపు జాతీయ రహదారి మీద బయలుదేరితే కాసేపట్లోనే పెదకాకాని వస్తుంది. భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడికి వచ్చే భక్తులకూ, శంకర కంటి ఆసుపత్రికి వచ్చే రోగులకూ ఈ ఊరు బాగా తెలుసు. పత్తి సంగతి తెలిసినవారికి ఇది మరో విధంగా కూడా మంచి కూడలి. ఈ ఊళ్ళో ఉండి చూస్తే నూలుపోగు పుట్టుక, పెరుగుదల అంతా ఒక్కపూట ప్రయాణంలో కనిపిస్తాయి. గుంటూరు పక్కనే లాంలో పత్తి వంగడాల మీద పనిచేసే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో మిరపతో పాటు పత్తి పండుతుంది. గింజ తీసే జిన్నింగు మిల్లులు గుంటూరు చుట్టుపక్కల ఉన్నాయి. నూలు వడికే మిల్లులు చిలకలూరిపేట దారిలో ఉన్నాయి. ఆ నూలును చీరగా నేసే మగ్గాలు ఇటు మంగళగిరిలోనూ అటు చీరాలలోనూ ఉన్నాయి. విత్తనం మొదలు చీర దాకా ఏ దశ కావాలంటే ఆ దశను మన పిల్లలకు తీసుకెళ్ళి చూపించవచ్చు. ఒక్క దశ మాత్రం ఎవరి కంటా పడదు. కట్టి, ఉతికి, మోజు తీరి పక్కన పెట్టిన బట్ట ఆ తర్వాత ఏమవుతోంది? ఇంట్లో అమ్మమ్మో, నాయనమ్మో, తాతయ్యో ఎదిగిన మనవలతో కూర్చుని ఆ బట్టను విప్పి కొత్త బట్టగా కుట్టుకుంటే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నల గురించే ఈ ప్రసంగం.

మొదటి ప్రశ్న చూద్దాం. మన ఊళ్ళలో పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతారు. నాలుగు చీరలూ రెండు ప్యాంట్లూ తీసుకుని ఒక గిన్నె చేతిలో పెడతారు. ఆ మూటల్లో బాగున్నవి ఉతికి, ఇస్త్రీ చేసి, సంతల్లో మళ్ళీ అమ్ముతారు. ఎందుకూ పనికిరానివి తుడుపుగుడ్డలవుతాయి, పరుపుల్లో దూదికి బదులు చేరతాయి, లేదా పీచు తీసే మిల్లులకు పోతాయి. హర్యానాలోని పానిపట్టు ఈ పీచు పనికి ప్రపంచంలోనే పేరున్న ఊరు. పాత బట్టలను యంత్రాలతో చీల్చి, పీచుగా చేసి, మళ్ళీ దారం తీసి, దుప్పట్లు, రగ్గులు నేస్తారు. మెచ్చుకోవలసిన పనే. కానీ పత్తి పండించే వారికి ఇందులోని నష్టం చెప్పనక్కర్లేదు. మార్కెట్టు యార్డులో బోరెం విప్పగానే కొనేవాడు పింజను వేళ్ళ మధ్య లాగి పొడవు చూస్తాడు. పింజ పొడవును బట్టి ధర మారుతుంది. బట్టను చీల్చినప్పుడు ఆ పింజ తెగిపోతుంది. తెగిన పొట్టి పీచుతో సన్నని నూలు రాదు. కొత్త పీచు కలపాలి, లేదా ముతక దుప్పటితో సరిపెట్టుకోవాలి. అందుకే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో వేసిన అంచనా ప్రకారం, ప్రపంచంలో బట్టల తయారీకి వాడిన ముడిసరుకులో మళ్ళీ కొత్త బట్టగా తిరిగివచ్చేది 1 శాతం కంటే తక్కువ. మిగతాదాంట్లో ఎక్కువ భాగం చెత్తకుప్పలకూ మంటలకూ పోతోంది. చిలీ దేశంలోని అటకామా ఎడారిలో ఇసుక మీద గుట్టలుగా పడి ఉన్న బట్టల ఫొటోలు లోకమంతా చూసింది. ఘనా రాజధాని అక్రాలోని కాంటమాంటో బజారుకు ధనిక దేశాల పాత బట్టలు బేళ్ళకు బేళ్ళు దిగుతాయి. అమ్ముడుపోనివి కాలవల్లోకీ సముద్రతీరానికీ చేరుతున్నాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. బట్టను పీచుగా మార్చితే వడుకూ నేతా రెండూ వృథా అవుతాయి. అదే బట్టను బట్టగానే ఉంచి, కుట్లు విప్పి, మళ్ళీ కత్తిరించి కుడితే రైతు పండించిన పింజ పొడవు, మిల్లు వడికిన నూలు, నేతగాడు కొట్టిన పోటు, రంగువేసినవాడి పనితనం అన్నీ చెక్కుచెదరకుండా నిలుస్తాయి. పోయేది పాత కుట్టు ఒక్కటే. మంగళగిరిలో 80వ నంబరు నూలుతో నేసిన చీరలో అసలు విలువంతా ఆ నేతలోనే ఉంది. దాన్ని కాపాడే మార్గాల్లో అన్నిటికంటే తక్కువ ఖర్చుది ఇంటి కుట్టుమిషను. మరి ఇంత తేలికైన మార్గం ఎందుకు వాడుకలో నిలవడం లేదు? నాకు తోచిన కారణం ఇది. ఈ పనికి రెండు రకాల తెలివి కావాలి. బట్ట ఎంత గట్టిగా ఉంది, ఎటు లాగితే సాగుతుంది, ఎక్కడ కత్తెర పెట్టకూడదు అన్నది ఒక తెలివి. ఈ రోజు పదిహేనేళ్ళ పిల్ల ఏది తొడుక్కుని గడప దాటుతుంది అన్నది ఇంకో తెలివి. మొదటిది పెద్దవాళ్ళ దగ్గర ఉంది, రెండోది పిల్లల దగ్గర ఉంది. పెద్దవారు ఒక్కరే కుడితే గట్టి బట్ట తయారవుతుంది గానీ అది బీరువాలోనే ఉండిపోతుంది. పిల్లలు ఒక్కరే మొదలుపెడితే మంచి చీర మధ్యలో తప్పు కోత పడుతుంది. ఇద్దరూ ఒక్కచోట కూర్చుంటేనే ఈ పని నిలబడుతుంది. అందుకే దీన్ని పొదుపు కిటుకుగా కాకుండా రెండు తరాలు కలిసి చేయవలసిన చదువుగా చూడాలని నేనంటాను.

పెద్దవాళ్ళ తెలివి ఎంత లోతైనదో అది మాటల్లో పెట్టి చూస్తే తప్ప అర్థం కాదు. పాత నూలు చీర చేతికొస్తే వారు ముందు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపడతారు. పోగులు పలచబడిన చోట వెలుతురు ఎక్కువగా దిగుతుంది. కుచ్చిళ్ళు దోపుకునే నడుం చోటు, నేలకు రాసుకునే కింది అంచు ముందుగా నలిగిపోతాయి. పైట భాగం, పై అంచు చాలాకాలం గట్టిగా ఉంటాయి. ఐదున్నర మీటర్ల చీరలో నలిగిన భాగాలు వదిలేసినా ఒక పొడుగు కుర్తీకి కావలసిన రెండున్నర మీటర్లు సాధారణంగా తేలుతుంది. మంగళగిరి చీరైతే దాని నిజాం అంచు విడిగా తీసి చేతుల చివరా కింది పట్టీకీ వేసుకోవచ్చు. మగవాళ్ళ చొక్కాలో కాలరు, మణికట్టు పట్టీలు ముందు చిరుగుతాయి. వీపు పలక, బొత్తాల పట్టీ కొత్తవాటిలా ఉంటాయి. పంచె లైనింగుకు పనికొస్తుంది. పట్టుచీర సంగతి వేరు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంటే చీలుతుంది, కాబట్టి వెనక నూలు గుడ్డ వేయకుండా కుట్టకూడదు. బట్ట ఏ జాతిదో తెలియకపోతే ఒక పోగు లాగి, పెద్దవారు దగ్గరుండి, దీపానికి చూపిస్తారు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పడుగు నిలువుగా వచ్చేలా కోస్తే బట్ట ఒంటి మీద సూటిగా జారుతుందనీ, ఏటవాలుగా క్రాసు కోస్తే సాగుతుందనీ, మెడ చుట్టూ పైపింగుకు ఆ క్రాసు ముక్కే కావాలనీ వారి చేతివేళ్ళకు తెలుసు. పాత బట్టకు ఉన్న ఒక పెద్ద సుగుణం కూడా వారే చెబుతారు. కుంచించుకుపోవలసినదంతా ఎప్పుడో కుంచించుకుపోయింది, వదలవలసిన రంగంతా వదిలిపోయింది. కొలతకు కుడితే ఆ కొలతలోనే ఉంటుంది.

పిల్లల తెలివిని పెద్దలు సాధారణంగా ఫ్యాషను అని కొట్టిపారేస్తారు. అది న్యాయం కాదు. ఒక బట్ట వల్ల లాభం ఎంత అనేది అది ఎన్నిసార్లు ఒంటి మీదికి వచ్చిందన్న లెక్క మీద ఉంటుంది. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ నివేదికే చెప్పింది: 2000 నుంచి 2015 మధ్య ప్రపంచంలో బట్టల ఉత్పత్తి దాదాపు రెట్టింపయింది, ఒక్కో బట్టను తొడుక్కునే సార్లు మాత్రం మూడో వంతుకు పైగా తగ్గాయి. అంటే తొడుక్కోని బట్టే అసలు వృథా. పాత చీరతో కుట్టిన కుర్తీ అయినా సరే, తొడుక్కోకపోతే అది కూడా వృథాయే, దానికి పట్టిన దారమూ శ్రమా అదనపు నష్టం. ఏది తొడుక్కుంటారో చెప్పగలిగేది పిల్లలే. భుజం కుట్టు కాస్త కిందికి జారి ఉండాలనీ, పొడవు మోకాలికి ఎంత పైన ఆగాలనీ, చేతులు ఎంత వదులుగా ఉండాలనీ వారికి కచ్చితంగా తెలుసు. రెడీమేడ్ ఆడపిల్లల బట్టల్లో చాలావాటికి సరైన జేబు ఉండదు. ఫోను, బస్సు పాసు పట్టే జేబు కావాలని పిల్ల అడిగితే నాన్న పాత ప్యాంటు జేబు మొత్తాన్ని గుడ్డతో సహా విప్పి కుర్తీ పక్క కుట్టులో అమర్చవచ్చు. దుకాణంలో దొరకనిది ఇంట్లో తయారైందంటే ఆ బట్ట మూలపడదు. పైగా ఈ పనిలో బడి లెక్కలన్నీ ఉన్నాయి. ఛాతీ కొలతలో నాలుగో వంతు తీసి, వదులూ కుట్టు మార్జినూ కలపడం భిన్నాలు. అంబ్రెల్లా గౌను కోయాలంటే నడుం కొలతను రెండు పైలతో భాగించి వృత్తం గీయాలి. 26 అంగుళాల నడుముకు ఆ వ్యాసార్ధం నాలుగు అంగుళాల పైచిలుకు. పుస్తకంలో పై విలువ ఎందుకు నేర్పారో ఆ గౌను తొడుక్కున్న పిల్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఈ రెండు తెలివులూ ఒకప్పుడు ఒక్క చేతిలోనే ఉండేవి, అవసరం వాటిని కలిపి ఉంచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బట్టకు కరువొచ్చింది. 1943లో ఇక్కడి ప్రభుత్వం నూలు, బట్టల మీద కంట్రోలు ఉత్తర్వు తెచ్చింది. కంట్రోలు బట్ట అన్న మాట మన పెద్దల నోట చాలాకాలం మిగిలింది. అదే 1943లో బ్రిటన్ వాణిజ్య శాఖ పాత బట్టలను బాగుచేసుకోవడం, మార్చి కుట్టుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం ఒకటి తెచ్చింది. అక్కడ బట్టల రేషను 1941 జూన్‌లో మొదలై 1949 దాకా సాగింది. రేషను పోయాక ఆ అలవాటు కూడా క్రమంగా పోయింది. మన దగ్గరా అంతే. పాత చీరలు నాలుగు మడతలు పరిచి దగ్గర కుట్లతో బొంత కుట్టడం, మెత్తబడ్డ నూలు చీరను పసిబిడ్డకు పొత్తిగుడ్డలుగా చింపడం, అమ్మ చీరతో కూతురికి లంగా కుట్టించడం మన ఇళ్ళలో నిన్నమొన్నటి దాకా మామూలు సంగతులు. బెంగాలు కాంథా, ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే కవందీ బొంతలు, జపాను రైతుల అతుకుల బట్టలు ఇదే తోవలోవి. చాలాచోట్ల లేమి ఉన్నంతకాలం పనితనం ఉంది, లేమి తగ్గగానే పనితనం కూడా జారిపోయింది. దీన్నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. బలవంతం మీద నిలిచిన అలవాటు బలవంతం పోగానే పోతుంది. ఈసారి అది నిలవాలంటే పిల్లలు ఇష్టపడి పట్టుకోవాలి. ఇష్టం పుట్టాలంటే తాము తొడుక్కునేదాన్ని తామే నిర్ణయించే హక్కు వారికి ఇవ్వాలి.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది: రెడీమేడ్ ఇంత చవగ్గా దొరుకుతుంటే ఇంత శ్రమ ఎందుకు? గంటకింత అని కూలి కట్టుకుంటే ఇంట్లో కుట్టిన కుర్తీ ఖరీదైనదే, నేను కాదనను. కానీ ఆ చవక ధరలో చేరని ఖర్చులున్నాయి. వాటర్ ఫుట్‌ప్రింట్ నెట్‌వర్క్ అనే సంస్థ లెక్క ప్రకారం ప్రపంచ సగటున కిలో నూలు బట్ట వెనక సుమారు 10 వేల లీటర్ల నీరు ఉంటుంది. అందులో వాన నీరూ ఉంది, కాలవ నీరూ, బోరు నీరూ ఉంది. ఈ ప్రాంతానికి ఆ ఖర్చు నీటితోనే ఆగలేదు. 1980ల చివర గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తినప్పుడు మందుల మీద మందులు కొట్టి, అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న రైతులు ఇక్కడివారే. ఇంత ఖరీదు చెల్లించిన పింజను నాలుగు ఉతుకులకే పారేసే బట్టగా మార్చడం ఏ లెక్కన చవక? బ్రిటన్‌లో వ్రాప్ అనే సంస్థ 2012లో లెక్కగట్టింది: ఒక బట్టను మరో తొమ్మిది నెలలు అదనంగా వాడితే దాని వల్ల కలిగే కర్బనం, నీరు, చెత్త భారం 20 నుంచి 30 శాతం తగ్గుతుంది. తొమ్మిది నెలలకే ఇంత అయితే, పదేళ్ళు కట్టిన చీర ఇంకో నాలుగేళ్ళు కుర్తీగా నడిస్తే ఎంత మిగులుతుందో ఆలోచించండి. దీనికి షరతు ఒక్కటే. ఆ కుర్తీ కుట్టినందువల్ల కొత్తది ఒకటి కొనడం మానాలి. కుట్టిందీ కావాలి, కొన్నదీ కావాలి అంటే లెక్క తప్పుతుంది.

రెండో అభ్యంతరం లోతైనది, దాన్ని గౌరవించి జవాబు చెప్పాలి. పాత బట్ట కట్టడం నామర్దా అన్న భావం మన ఊళ్ళలో ఊరికే పుట్టలేదు. ఆసామి ఇంట విడిచిన బట్ట పాలేరుకూ పనిమనిషికీ ఇవ్వడం, వారు దాన్ని మారుమాట లేకుండా తీసుకోవడం తరాలపాటు సాగింది. ఆ బట్టలో లేమి ఒక్కటే లేదు, కులం కూడా ఉంది. ఆ అవమానం నుంచి బయటపడి తమ డబ్బుతో కొత్త బట్ట కొనుక్కున్న కుటుంబాలకు పాత బట్ట గొప్పతనం గురించి ఎవరూ పాఠాలు చెప్పకూడదు. నేను అడిగేది ముందు కలిగినవారిని, బీరువాలు నిండినవారిని. తమ ఇంటి బట్టను తమ పిల్లలే తొడుక్కోవాలని. ఇచ్చేవారి చేతిలో నిర్ణయం ఉండి, పుచ్చుకునేవారికి మాట లేకపోవడంలోనే అవమానం ఉంది. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థ ఈ సంగతిని పట్టుకుంది. పట్నాల్లో సేకరించిన బట్టలను దానంగా పంచకుండా, గ్రామస్థులు తమ ఊరికి కావలసిన పని తామే ఎంచుకుని చేసినందుకు ప్రతిఫలంగా ఇస్తుంది. బావులు తవ్వుకున్నారు, దారులు వేసుకున్నారు. పాత నూలు బట్టను శుభ్రంచేసి ఆడవాళ్ళకు నెలసరి గుడ్డలుగా కూడా తయారుచేస్తుంది. అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. తొడుక్కునే మనిషి చేతికే కత్తెర ఇస్తే పాత బట్టకు అంటిన చిన్నతనం పోతుంది. మనవరాలికి ఆ కత్తెర ఇవ్వడం అందుకే ముఖ్యం.

మూడో అభ్యంతరం మన నేల నుంచే వస్తుంది. అందరూ పాత బట్టలే కుట్టుకుంటే పత్తి రైతు ఏం కావాలి, మంగళగిరి నేతగాడు ఏం కావాలి? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేతపని, దాని అనుబంధ పనులు చేసేవారు 35 లక్షల మంది, అందులో ఎక్కువమంది స్త్రీలు. వారి పొట్ట కొట్టే మాట ఎవరూ చెప్పకూడదు. అయితే వారి మగ్గానికి పోటీ ఎవరో చూడండి. ఈ రోజు ప్రపంచంలో తయారయ్యే మొత్తం పీచులో సగానికి పైగా పాలిస్టరు. పత్తి వాటా పావు వంతు కంటే తక్కువ. చేనేతకు కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985లో చట్టం వచ్చినా, మరమగ్గం బట్ట చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉంది. కొనేవారికి తేడా తెలియకపోవడమే ఆ మోసానికి బలం. మంగళగిరి చీరలకూ బట్టలకూ 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే, కానీ ముద్ర చూసి కొనేవారికంటే చేత్తో తడిమి కొనేవారే నేతగాడికి పెద్ద రక్ష. ముప్ఫై ఏళ్ళనాటి నూలు బట్టను కుట్టు కుట్టుగా విప్పిన పిల్లకు గట్టి నేత అంటే ఏమిటో వేళ్ళతోనే తెలుస్తుంది. పక్కనే నిరుటి పాలిస్టరు టాప్‌ను విప్పి చూస్తే కుట్టు దగ్గర పోగులు జారిపోవడం కనిపిస్తుంది. ఆ పిల్ల పెద్దయ్యాక ఏడాదికి పది చవక బట్టలు కొనదు, రెండు మంచివి కొంటుంది, వాటికి తగిన ధర ఇవ్వడానికి వెనకాడదు. రైతుకూ నేతగాడికీ కావలసింది అలాంటి కొనుగోలుదారు.

నాలుగోది చదువుల అభ్యంతరం. గుంటూరు, విజయవాడల మధ్య ఉన్న మన ప్రాంతం ఇంటర్మీడియట్ కాలేజీలకూ ప్రవేశ పరీక్షల శిక్షణకూ పేరు పడింది. పదో తరగతి పిల్లకు అరగంట ఖాళీ దొరకడం కష్టమంటే నేను నమ్ముతాను. కానీ వేసవి సెలవులున్నాయి, దసరా, సంక్రాంతి ఉన్నాయి. ఒక సెలవుల్లో ఒక్క బట్ట పూర్తిచేస్తే చాలు. ఇది చదువుకు బయటి పని అని కూడా అనుకోవద్దు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక చేతివృత్తుల వారి దగ్గర పని నేర్చుకోవాలని చెప్పింది. మన రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగు, ఎంబ్రాయిడరీలో లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలు ఎన్నో ఏళ్ళుగా నడుపుతోంది. మగపిల్లలకు ఇది తగదనే మాట కూడా నిలవదు. మన బజార్లలో చొక్కాలూ ప్యాంట్లూ కుట్టే దర్జీల్లో అత్యధికులు మగవాళ్ళే. డబ్బు తెస్తే మగపని, ఇంట్లో చేస్తే ఆడపని అన్న విభజనలో న్యాయం లేదు. మనవడికి బొత్తాం కుట్టుకోవడం, ప్యాంటు కింది మడత హెమ్మింగు చేసుకోవడం రాకపోవడం గొప్పతనం కాదు. తాతయ్యకు వస్తే తాతయ్య నేర్పాలి, రాకపోతే మనవడితో పాటు తానూ నేర్చుకోవాలి.

ఈ పనికి హద్దులు కూడా ఉన్నాయి. లోదుస్తులు ఎవరివైనా మళ్ళీ వాడకూడదు. బయట కొన్న పాత బట్టను విప్పకముందే వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, ఎర్రటి ఎండలో ఆరేయాలి. చాకిరేవులో బట్టలను ఉబ్బకు వేసే పద్ధతి వెనక ఉన్నది ఈ జ్ఞానమే. వేలితో నొక్కితే చిట్లే బట్టకు మిషను కుట్టు ఆగదు, దాన్ని బొంత లోపలి పొరగా వాడుకోవడమే మంచిది. జీన్సు గుడ్డకు 18వ నంబరు సూది వేయకుండా మామూలు 14వ నంబరుతో తొక్కితే సూది విరగవచ్చు. పెళ్ళినాటి చీరకు కత్తెర పెట్టేముందు ఇంట్లో అందరినీ అడగాలి, ఎందుకంటే కొన్ని బట్టలు జ్ఞాపకంగా మడతలోనే ఉండవలసినవి. ఇంకో హద్దు కూడా చెప్పాలి. ఇళ్ళలో కుట్లు విప్పినంత మాత్రాన అటకామా గుట్టలు కరగవు. కంపెనీలు ఎంత తయారుచేస్తున్నాయి, దేనితో తయారుచేస్తున్నాయి అన్నదాని మీద ప్రభుత్వాలు చట్టాలు చేయాలి. కానీ ఆ చట్టాలు అడగాల్సిన పౌరులకు బట్ట గురించి తెలియాలి కదా. మన ఇంటి మూల ఉన్న మిషను దగ్గర ఆ తెలివి పుడుతుంది.

చివరిగా ఒక మాట. మన ఇళ్ళలో మిషను తొక్కడం వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు చాలామంది రెడీమేడ్ దుకాణాలు ఊరూరా రాకముందే ఆ పని నేర్చుకున్నవారు. వారి తర్వాతి తరంలో చాలామంది నేర్చుకోలేదు, నేర్చుకోవలసిన అవసరం వారికి రాలేదు. అంటే బట్ట తెలిసిన చేయీ, తీరు తెలిసిన కన్నూ ఒకే ఇంట్లో ఉండే కాలం మనకిక ఎంతో లేదు. అందుకే పెదకాకానిలో, చుట్టుపక్కల ఊళ్ళలో ఈ మాటలు వింటున్న పెద్దలకు నా మనవి. వచ్చే సెలవులకు మిషనుకు నూనె వేయించి, కొత్త బెల్టు వేయించండి. స్టీలు గిన్నెకు వేయబోయే మూటలోంచి ఒక నూలు చీర, ఒక పాత చొక్కా పక్కకు తీయండి. ఏం కుట్టాలో మనవలను నిర్ణయించనివ్వండి, ఎక్కడ కోయాలో మీరు చూపించండి. కుట్లు విప్పే పని వారితోనే చేయించండి, ఎందుకంటే బట్ట గురించి అన్నిటికంటే ఎక్కువ నేర్పేది ఆ విప్పడమే. పిల్లలకు కూడా ఒక మాట: ఈ పని నేర్చుకోవడానికి ఖర్చు పెద్దగా లేదు, నేర్పే మనిషి ఇంట్లోనే ఉన్నారు, మీరు వెళ్ళి అడగడమే తరువాయి. ఈ సెలవుల్లోనే అడగండి.